మహర్షి తిరిగి కట్టిన నూలుపోగు

పూర్వం, ఋషులు రాజులకు వైద్యులుగా కూడా ఉండే కాలంలో, ప్రియంకరపురాన్ని ఏలే వీరాగ్రేసరుడైన విధృత మహారాజు, యుద్ధంలో తొడలో దిగిన బాణంతో నిలువలేక, కూర్చోలేక, పసివాడివలె ఏడ్చాడు. అది చూడలేక కులగురువు, సకలౌషధ రహస్యవేత్త అయిన శ్వేతకర్ణ మహర్షి, గసగసాల కాయకు గాటు పెట్టి తీసిన పాలతో నల్లమందు చేసి, ఆవగింజంత ఇచ్చాడు.

ఆయన ఆశ్రమంలో ఒక ఆచారం ఉంది. మత్తుమందు ఇచ్చేటప్పుడు రోగి ముంజేతికి ఏడు ముడుల నూలుపోగు కట్టి, రోజుకొక ముడి విప్పుతారు. ముడులైపోతే మందు ఆగిపోతుంది.

ఎనిమిదవనాడు రాజు, "గురుదేవా! నొప్పి తగ్గింది. కాని ఆ మందు లేనిదే ఒళ్లు విరుచుకుపోతున్నది, కంటికి కునుకు లేదు. ఇంకొక్క పోగు కట్టండి" అని వేడుకున్నాడు. కూడదనవలసిన మహర్షి, ఎత్తుకొని పెంచిన మమకారంతో ఆ మాట మింగేసి, మరో పోగు కట్టాడు. అయ్యో, అంత చదివినవాడు అక్కడే పొరబడ్డాడు!

నిన్నటి మోతాదు నేటికి ఆనలేదు. ఆవగింజ పెసరగింజై, పెసరగింజ శనగగింజైంది. రాజమాత సుగాత్రీదేవి అవసానదశలో మూడు రోజులు "నాయనా విధృతా!" అని పిలిచింది. పక్క మందిరంలోనే అరమోడ్పు కన్నులతో పడి ఉన్న కొడుకు వినలేదు. ఆమె చితి ఆరకముందే మళ్లీ మందు అడిగాడు.

మహర్షి కుమిలిపోయి, అడవికి పోయి, ఓషధీదేవిని గూర్చి తపస్సు చేసి, ఆమె ప్రత్యక్షం కాగానే, "తల్లీ, ఆ మొక్కను భూమి మీద లేకుండా చెయ్యి" అన్నాడు.

"రేపు బాణం దిగినవాడికి ఏమిస్తావు, శ్వేతకర్ణా? మొక్క తన గుణం చూపింది. ఆపవలసినది నువ్వు" అన్నది దేవి. ఋషి తల వంచాడు. "ఇప్పుడు ఒక్కసారిగా మాన్పిస్తే వణుకు, చెమటలు, వాంతులు అతణ్ణి కుంగదీస్తాయి. నూరు ముడుల పోగు కట్టి, ముడిముడికీ రవ్వంత తగ్గించు. అతడు పాపి కాడు, రోగి. తిట్టకు, ఒంటరిగా వదలకు" అని దేవి దారి చూపింది.

మహర్షి అలాగే చేశాడు. నడుమ రెండుసార్లు రాజు దొంగచాటుగా మింగితే, తిట్టకుండా మొదటి ముడి నుంచి మళ్లీ కట్టాడు. చివరికి నూరవ ముడి విడిననాడు దేవి వచ్చి రాజును వరం కోరుకొమ్మన్నది.

"అమ్మ పిలిచిన పిలుపు ఒక్కసారి వినిపించు, తల్లీ!"

దేవి కన్నులు చెమర్చాయి. "అది నా చేతిలో లేదు నాయనా. మరొకటి అడుగు."

రాజు చాలాసేపు ఏడ్చి, "అయితే నా రాజ్యంలో ఈ మందుకు చిక్కినవాణ్ణి ఎవరూ గెంటివేయకుండా, చేయి పట్టుకొనే మనిషి ఒకరైనా ఉండేలా అనుగ్రహించు" అన్నాడు. దేవి తథాస్తు అన్నది.

విధృతుడు తిరిగి సింహాసనమెక్కి ధర్మాన్ని నిలిపాడు. ముడులు లేని ఆ పోగును మాత్రం ముంజేతి నుంచి తీయలేదు. ఏటేటా తల్లి తద్దినంనాడు వదిలిన తర్పణజలం దాన్ని తడుపుతూనే ఉండేది.

ఈ కథ విన్నవారి ఇంట, పిలిచిన పిలుపుకు పలికేవారు ఉందురు గాక.