తిరుపాలు కొన్న గాడి చిత్రిక

అనగనగా ఒక కొండ అడవిలో, వెదురు పొదలకు అవతల, తిరుపాలు అనే ఎలుగుబంటి ఉండేవాడు. తిరుపాలు వడ్రంగి. ఆ అడవిలో ఎవరికి తలుపు కావాలన్నా, పీట కావాలన్నా వాడి దగ్గరికే వచ్చేవారు. వాడి దగ్గర ఒక రంపం, ఒక బాడిస, రెండు ఉలులు, చెక్కను నున్నగా చేసే పాత చిత్రిక ఒకటి ఉండేవి.

తిరుపాలుకు అమ్మా నాన్నా లేరు. పసితనంలో వాగులో కొట్టుకుపోతుంటే నాగులవ్వ అనే ముళ్ళపంది వాణ్ణి ఒడ్డుకు లాగింది. తనే పెంచింది. తన ముళ్ళు గుచ్చుకుంటాయని ఆమె వాణ్ణి గుండెకు హత్తుకునేది కాదు. అందుకు బదులు వాడి చేతిలో ఉలి పెట్టి, పైన తన చెయ్యి వేసి, పని నేర్పింది.

ఇప్పుడు నాగులవ్వ బాగా ముసలిదైపోయింది. కొండ మీద రాతి గుహలో ఒక్కతే ఉండేది. ఆ ఏడు వానలు వెనకబట్టగానే ఆమె గుహ తలుపు ఊడి కిందపడింది. చెదలు దాని చెక్కను లోపలంతా తినేశాయి. మర్నాడు పొద్దున్నే నాగులవ్వ మెల్లగా కొండ దిగి తిరుపాలు దగ్గరికి వచ్చింది.

"నాయనా, చలి మొదలవుతోంది. నాకు దగ్గు కూడా పట్టుకుంది. నాలుగు పలకలు కొట్టి ఒక తలుపు పెట్టవా?" అంది.

"అదెంత పని అవ్వా! కానీ నీకు ఉత్త పలకల తలుపు పెడతానా? పలకలు ఎండితే వాటి మధ్య సందులు పడతాయి. గాలి దూరుతుంది. నీకు గాడి తలుపు చేస్తాను. ఒక పలక అంచులో గాడి, పక్క పలక అంచుకు నాలుక. ఒకదాన్లో ఒకటి ఇమిడిపోతాయి. చీమ కూడా దూరదు" అన్నాడు తిరుపాలు.

"గాలి ఆగితే చాలు నాయనా" అని నాగులవ్వ వెళ్ళిపోయింది.

గాడిని ఉలితో తియ్యాలంటే చాలా రోజులు పడుతుంది. పైగా వంకర పోతుంది. అందుకోసమే వేరే చిత్రిక ఒకటి ఉంటుంది. దాన్ని గాడి చిత్రిక అంటారు. అది వాగు అవతల కమ్మరి పని చేసే ఓబులేసు అనే ముంగిస దగ్గర ఉందని తిరుపాలు విన్నాడు. వెంటనే వెళ్ళాడు.

ఓబులేసు దాన్ని గుడ్డ విప్పి చూపించాడు. పిడి నల్లగా నున్నగా ఉంది. కింద సన్నటి ఇనుప నాలుక మెరుస్తోంది. తిరుపాలు ఒక చెక్క ముక్క మీద పెట్టి తోశాడు. సర్రుమని పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. గాడి గీత గీసినట్టు తిన్నగా పడింది. వాడి ఒళ్ళు పులకరించింది.

"దీనికేమివ్వాలి మామా?" అని అడిగాడు.

"రెండు కుండల తేనె" అన్నాడు ఓబులేసు.

రెండు కుండలంటే తిరుపాలు చలికాలానికి దాచుకున్న తిండి అంతా. వాడు తల గోక్కున్నాడు.

ఓబులేసు మంచివాడు. అంటగట్టాలని చూడలేదు. "ఇన్నేళ్ళలో గాడి తలుపులు ఎన్ని చేశావు?" అని అడిగాడు.

"ఒక్కటీ చెయ్యలేదు."

"అయితే బాగా ఆలోచించుకో. ఇది ఎక్కడికీ పోదు."

తిరుపాలు ఆలోచిస్తూ ఇంటికి వచ్చాడు. మర్నాడు పడవలు చేసే నీటికుక్కను అడిగాడు. "తీసుకో! మా తాత కొన్నది నేనింకా వాడుతున్నాను" అంది నీటికుక్క. ఆ మర్నాడు ఎర్రమ్మ అనే వడ్రంగిపిట్టను అడిగాడు. "ఒక్క తలుపు కోసం చలికాలం తిండంతా పోగొట్టుకుంటావా అన్నా? ఉలి ఉందిగా?" అంది ఎర్రమ్మ. తిరుపాలుకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. మళ్ళీ ఓబులేసు దగ్గరికి వెళ్ళి, మళ్ళీ ఒక చెక్క మీద తోసి చూసి, మళ్ళీ తిరిగి వచ్చాడు. అలా పది రోజులు గడిచాయి.

నాగులవ్వ రెండోసారి కొండ దిగి వచ్చింది. ఈసారి దారిలో మూడు చోట్ల కూర్చుందట.

"తలుపు అయిందా నాయనా?"

"చిత్రిక కొనాలా వద్దా అని చూస్తున్నానవ్వా. ఇంకొద్ది రోజులు."

నాగులవ్వ దగ్గింది. మెల్లగా కొండ దారి పట్టింది. ఆమె పోయాక చెట్టు మీది నుంచి ఎర్రమ్మ అంది, "అన్నా, అప్పటిదాకా ఒక వెదురు తడిక అయినా కట్టి రారాదూ?"

"రేపో ఎల్లుండో తలుపే వస్తుంటే తడిక ఎందుకు?" అన్నాడు తిరుపాలు.

ఆ వారం చలిగాలులు మొదలయ్యాయి. పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. వాగు ఒడ్డున గడ్డి తెల్లబడింది. మూడోసారి నాగులవ్వ రాలేదు. ఎర్రమ్మే ఎగురుకుంటూ వచ్చింది.

"అవ్వ లేవలేకపోతోంది. తలుపు సంగతి అడగమంది."

తిరుపాలు చేతిలో పని పడేసి లేచాడు. ఇక ఆలోచించలేదు. రెండు తేనె కుండలూ భుజాన వేసుకుని పరుగెత్తాడు. గాడి చిత్రిక తెచ్చాడు. తిండి మానేసి రెండు రోజులు పని చేశాడు. తలుపు తయారైంది. అలాంటి తలుపు ఆ అడవిలో అంతవరకు ఎవరూ చెయ్యలేదు. అతుకు ఎక్కడుందో కంటికి కనిపించడం లేదు. దాన్ని వీపు మీద మోసుకుని కొండ ఎక్కాడు.

నాగులవ్వ గుహలో మూలకు ముడుచుకుని పడుకుని ఉంది. ఊపిరి తీస్తుంటే గరగరమంటోంది. తిరుపాలు తలుపు బిగించి మూశాడు. బయట ఈదురుగాలి కొడుతూనే ఉంది. లోపలికి పోగంత గాలి కూడా రాలేదు.

"నన్ను అక్కడికి తీసుకుపో" అంది నాగులవ్వ.

తిరుపాలు ఆమెను మెల్లగా తలుపు దగ్గరికి చేర్చాడు. ఆమె చేత్తో పలకల మీద తడిమింది. అతుకులో గోరు దూర్చబోయింది. దూరలేదు.

"ఎంత బాగా చేశావు తిరుపాలూ! నాకే రాదు ఇలాంటి పని" అంది. ఆమె కళ్ళల్లో నిజంగా సంతోషమే ఉంది.

తిరుపాలు తలుపు వైపు చూశాడు. "అవ్వా, నువ్వు మొదట అడిగినరోజే ఉత్త పలకలు కొట్టి పెట్టి ఉంటే? సందుల్లోంచి గాలి వచ్చేదే కదా? చలి ఎలాగూ వేసేదే కదా?" అని అడిగాడు.

నాగులవ్వ వాడికి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. అప్పుడూ చెప్పలేదు.

"సందుల్లో ఎండు గడ్డి కుక్కుకునేదాన్ని నాయనా" అంది.

తిరుపాలు ఆమె పక్కనే కూర్చున్నాడు. పొయ్యి రాజేశాడు. వేడినీళ్ళు పట్టించాడు. గుహ వెచ్చబడింది. కానీ అప్పటికే చలి ఆమె రొమ్ములో చేరిపోయింది. మూడో నాటి ఉదయం, ఎండ కొండ మీదికి వచ్చే వేళకు, నాగులవ్వ ఊపిరి ఆగిపోయింది. తిరుపాలు ఆమెను రెండు చేతుల్లోకి తీసుకుని గుండెకు హత్తుకున్నాడు. ముళ్ళు గుచ్చుకున్నాయి. వదల్లేదు.

చిత్రిక మంచిదే పిల్లలూ. అందులో దోషం ఏమీ లేదు. ఆ తర్వాత తిరుపాలు దానితో ఎన్నో తలుపులు చేశాడు. అందరూ మెచ్చుకున్నారు. ఎవరు మెచ్చుకున్నా వాడు తల దించుకునేవాడు.

మరుసటి ఏడు చలికి ముందు ఒక కుందేలు బిడ్డను చంకనేసుకుని వచ్చింది. "నాకు మంచి గాడి తలుపు కావాలి. ఎన్నాళ్ళకు చేస్తావు?" అని అడిగింది.

"చేతిలో వేరే తలుపులున్నాయి. పది రోజులు పడుతుంది" అన్నాడు తిరుపాలు. "పద, ముందు మీ ఇంటికి ఒక తడిక కట్టి వస్తాను."

అని, ఆమె కంటే ముందు తనే లేచి నడిచాడు.

నీతి: ఏ పనిముట్టు మేలైనదో చూసుకోవడం మంచిదే; కానీ ఆ పని కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఎంతకాలం ఆగగలరో అంతకంటే ముందు చూసుకోవాలి.