చంద్రికకు ఏ జెండా?

వీరభద్రం మాస్టారిని ఏదైనా అడిగితే "చూద్దాం" అంటారు. తప్పించుకోవడానికి అనే మాట కాదది. నిజంగానే చూపిస్తారు, కాకపోతే ఎప్పుడు చూపిస్తారో ఆయనకూ తెలియదు. కాకినాడలో మోటారు వాహనాల పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాక, ఇప్పుడు వీడియో గేములు తయారుచేసే మాలాంటివాళ్ళకు కార్ల నడక నేర్పుతున్నారు. మలుపులో ఏ చక్రం మీద బరువు పడుతుందో ఆయన భుజం వంచి చూపిస్తుంటే, కుర్చీల్లో కూర్చున్న మేమూ అటే ఒరిగిపోతుంటాం.

ఆయన శిష్యుల్లో నీలవేణి ఒకర్తె. మా కార్ల పందెం గేములో ఏ కారు పక్కన ఏ దేశం జెండా ఉండాలో తేల్చే పని ఆమెది. వినడానికి చిన్న పనే. కానీ ఆ గేములో దేశాల పోటీ ఒకటుంది. అందులో ఎవరైనా సరే తమ దేశం జెండా ఉన్న కారునే నడపాలి. అన్ని కార్లకూ జెండాలు పడ్డాయి గానీ చంద్రిక అనే పాత కారు ఒక్కటి మిగిలిపోయింది. ఆ రోజు మధ్యాహ్నంలోగా తేల్చి పంపమన్నారు ఆఫీసువాళ్ళు. ఆ రోజే మాస్టారి మనవరాలు సువర్చల పెళ్ళి. పొద్దున తలంబ్రాలు అయ్యాయో లేదో, నీలవేణి ఆయన్ను పందిట్లోనే పట్టుకుంది.

"మాస్టారూ, చంద్రిక బొమ్మ గీసింది ఇటలీలో. ఇంజిను జపానుది. కంపెనీ ఇంగ్లండుది. బిగించింది మద్రాసు దగ్గర. బాగా అమ్ముడైనన్నాళ్ళూ అందరూ మాదే మాదే అన్నారు. అమ్మకాలు పడిపోయాక ఎవరికివాళ్ళు చేతులు దులుపుకున్నారు. విడిభాగాలు కూడా ఆపేశారు. మన దగ్గర మాత్రం ఏ ముక్క కావలిస్తే ఆ ముక్క లేతు మిషను మీద చేయించుకుని ఇప్పటికీ తిప్పుతున్నారు. ఇప్పుడు గేములోకి వస్తోందనేసరికి అన్ని దేశాలవాళ్ళూ మళ్ళీ మాదేనంటున్నారు. ఏ జెండా పెట్టమంటారు?"

"నీకేమనిపిస్తోంది?"

"అది చెప్పడానికే భయం. మన ఊరి అమ్మాయిలు ఐదుగురు ఏడాదిగా ఆ కారు మీదే ప్రాక్టీసు చేస్తున్నారు. మన జెండా పడకపోతే వాళ్ళు పోటీలోకే దిగలేరు. పడిందా, కాకినాడ పిల్ల కాకినాడ వాళ్ళకే పెట్టుకుంది అంటారు." ఆ మాట అంటుంటే నీలవేణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఐదుగురి మీదా ఆమెకంత ప్రేమ, పక్షపాతమన్న మాటంటే అంత బెదురు.

మాస్టారు కండువా సర్దుకుని "చూద్దాం" అన్నారు. ఊరేగింపు బయలుదేరుతోందని బయటికి నడిచారు.

ఊరేగింపు కారు కూడా చంద్రికే. ఎన్నో ఏళ్ళుగా మాస్టారి షెడ్డులో ఉన్నది. దానికి మీగడ రంగు వేయించింది మగపెళ్ళివారు. కొత్త టైర్లు, సీటు కవర్లు పెళ్ళికూతురి మేనమామ పెట్టాడు. బంతిపూల దండలతో అది నిజంగా ముద్దొచ్చేట్టుంది. ముందు బ్యాండు, వెనక మేము. సోడా కొట్టు దగ్గరికి వచ్చేసరికి కొట్టు మనిషి సత్తెమ్మ రోడ్డు మీదికొచ్చి "ఎవరిదండీ ఈ కారు, మహా బావుందే" అంది.

"మాదేనమ్మా" అన్నారు వియ్యంకుడు గారు, అంటే పెళ్ళికొడుకు తండ్రి, మీసం సవరించుకుంటూ.

"మాదండీ" అన్నాడు మేనమామ, ఆయన కంటే కాస్త గట్టిగా.

కారుకు ఎవరి దిష్టి తగిలిందో గానీ, పది గజాలు పోయి ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. డ్రైవరు ఎంత తాళం తిప్పినా ఉలకదు, పలకదు. వెనక ఆటోలు, స్కూలు బస్సు, హారన్లు. సత్తెమ్మ మళ్ళీ వచ్చింది. "ఎవరి కారండీ, ఇలా దారికి అడ్డంగా?"

వియ్యంకుడు గారు బ్యాండువాళ్ళకేసి చూస్తూ "ఆడపెళ్ళివారిదమ్మా, మేం రంగు వేయించామంతే" అన్నారు. మేనమామ ఊరుకుంటాడా? "టైర్లు మావి. టైర్లకేం, లక్షణంగా ఉన్నాయి" అన్నాడు. రంగుదా తప్పు, టైర్లదా తప్పు అని నడిరోడ్డు మీద పంచాయితీ మొదలైంది. మాస్టారు మాత్రం కండువా సర్దుకుంటూ చూస్తున్నారు. అసలు కారు ఆయనదే, ఒక్క ముక్క అనొచ్చు కదా అని నాకు ఒళ్ళు మండింది.

ఇంతలో కారు తలుపు తెరుచుకుంది. పెళ్ళికూతురు దిగింది. బాసికం పైకి నెట్టుకుంది, పట్టుచీర కుచ్చిళ్ళు బొడ్డులో దోపుకుంది, వెనక్కొచ్చి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించింది. "సెకండ్ గేరులో ఉంచు బాబాయ్, నే చెప్పినప్పుడు క్లచ్చి వదులు" అని డ్రైవరుకు కేకేసింది. పెళ్ళికొడుకు ఒక్క క్షణం బిత్తరపోయి, తనూ దూకి పక్కన చేరాడు. మాస్టారూ చేరారు. నేనూ, నీలవేణీ చేరాం. బ్యాండువాళ్ళు మంగళవాద్యం మానేసి తీన్మార్ అందుకున్నారు. ఇక పెద్దలకు కూడా సిగ్గేసి వచ్చి తలో చెయ్యి వేశారు.

కారు కదిలింది, దగ్గింది, అందుకుంది. ఆపితే మళ్ళీ మొరాయిస్తుందని డ్రైవరు ఆపలేదు. వధూవరులు లేకుండానే ఊరేగింపు కారు మెయిన్ రోడ్డు మీద పోతోంది, మెడల్లో పూలదండలతో వాళ్ళిద్దరూ దాని వెనక నవ్వుకుంటూ పరుగెడుతున్నారు. స్కూలు బస్సులో పిల్లలు ఒకటే ఈలలు.

"ఇంతకీ కారెవరిదమ్మా?" అని సత్తెమ్మ వెనకనుంచి కేక పెట్టింది.

"మాదే అత్తా!" అంది సువర్చల, రొప్పుతూ, వెనక్కి తిరగకుండానే.

ఈసారి కాదన్నవాడు లేడు. నీలవేణి నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని ఫోను తీసింది. రెండు చేతులకూ దుమ్మూ గ్రీజూ. ఆఫీసుకు ఒక్క ముక్క రాసి పంపేసి, "వెళ్ళొస్తాను మాస్టారూ, ప్రాక్టీసు ఆపొద్దని ఆ అమ్మాయిలకు చెప్పాలి" అంది. గొంతులో బెరుకు లేదు.

మాస్టారు సోడా కొట్టు బల్ల మీద కూలబడి ఉన్నారు.

"జెండా పట్టుకోవడానికి అందరూ వస్తారమ్మా" అన్నారు. "పోయేముందు కాస్త చెయ్యందించు, నడుం పట్టేసింది."