పేరు చెరిపిన క్యాసెట్టు

అనగనగా ఓడలొచ్చి ఆగే ఒక ఊళ్ళో నూకరాజు అని ఒకడుండేవాడు. వాడికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉండేది. కానీ వాడి ప్రాణమంతా ఫోన్ల మీద కాదు, పాత వీడియో గేమ్ క్యాసెట్ల మీద. చేతిలో పట్టుకుని ఆడే చిన్న మెషీన్లు ఉండేవి చూశావా, వాటి వెనక దూర్చే బిస్కెట్టంత క్యాసెట్లు. మీ అమ్మ చిన్నప్పుడు వాటికోసం అన్నం మానేసేది.

నూకరాజు వాటిని ఊరూరా తిరిగి పోగేశాడు. అద్దాల బీరువాలో వరసగా పేర్చాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, తనూ ఆడేవాడు కాదు. మరెందుకురా నాయనా అంటే, విలువ అనేవాడు.

ఆ విలువ కట్టడంలో వాడు దిట్ట. వెనక బిగించిన మరమేకు చూసి, పైన అంటించిన బొమ్మ కాగితం చూసి, ఇది అసలుదా నకిలీదా ఇట్టే చెప్పేసేవాడు. ఊళ్ళో అందరూ వాడి మాటే వేదం అనుకునేవాళ్ళు. బొమ్మ చిరక్కపోతే ఒక ధర, చిరిగితే ఒక ధర. దాని మీద పిల్లలెవరైనా పేరు రాసుకున్నారనుకో, సగం ధర. ఎవరిదో తెలిస్తే వస్తువు విలువ తగ్గిపోతుందట! చోద్యం కాకపోతే ఏమిటి?

అన్నీ ఉన్నా వాడి బీరువాలో ఒక్క క్యాసెట్టు లోటు. ఆకుపచ్చది. తోట వేసుకుని, ఇల్లు కట్టుకుని ఆడే ఆట. దానికోసం వాడు తిరగని ఊరు లేదు.

అప్పుడు ఒకరోజు గౌరి అనే పిల్ల కొట్టుకొచ్చింది. అచ్చం నీ ఈడుదే. వాళ్ళమ్మ పైడితల్లి వీధి చివర ఇస్త్రీ బండి నడిపేది. వాళ్ళ నాన్న అప్పలస్వామి ఓడలో వంటవాడు, వెళ్ళాడంటే నెలల తరబడి రాడు. గౌరి గుప్పిట తెరిచింది. అందులో ఆకుపచ్చ క్యాసెట్టు.

"మావయ్యా, ఇది పనిచెయ్యట్లేదు. మా నాన్న తెచ్చేడు. ఇందులో మా ఇల్లుంది. నాన్న వచ్చినప్పుడల్లా ఇద్దరం కలిసి ఒక గది కడతాం" అంది.

నూకరాజు చటుక్కున అందుకున్నాడు. తిప్పి చూశాడు. అసలు సిసలుది. వెనక వంకర అక్షరాలతో 'గౌరి, నాన్న' అని రాసుంది. మురికి పట్టి పనిచెయ్యట్లేదంతే, స్పిరిట్ పెట్టి తుడిస్తే చాలు. అది వాడికి తెలుసు. తెలిసీ ఏమన్నాడో విను.

"ఇది దొంగ సరుకమ్మా. ఎవరో మీ నాన్నకి నకిలీది అంటగట్టారు. చచ్చిపోయింది, ఇక బతకదు. నీ మెషీన్ కూడా పాడుచేస్తుంది. ఇక్కడ పడేసి బదులు ఇంకోటి పట్టుకెళ్ళు."

పిల్ల మొహం చిన్నబోయింది. ఇంకోటి వద్దంది. "మీ దగ్గరే ఉంచండి మావయ్యా, ఎప్పుడైనా బతికితే చెప్పండి" అని వెళ్ళిపోయింది. చూశావా, ఎంత నమ్మకమో!

ఆ తర్వాత వాడు మిట్టమధ్యాహ్నం షట్టరు సగం దించి కూర్చున్నాడు. ముందు క్యాసెట్టు తుడిచాడు. మెషీన్లో పెట్టగానే వెలిగింది. చిన్న తోట, తోటలో ఇల్లు, ఇంటినిండా గదులు, గుమ్మంలో దీపం. ఆ తర్వాత వెనక రాసున్న పేర్లు రుద్ది రుద్ది చెరిపేశాడు. ఇక మిగిలింది లోపలి బ్యాటరీ. గుండీ అంత ఉంటుంది, ఆడిందంతా గుర్తుపెట్టుకునేది అదే. పాతబడితే కారి క్యాసెట్టుని తినేస్తుంది. తీసేస్తే మటుకు లోపలున్నదంతా పోతుంది. వాడి చెయ్యి కాసేపు ఆగింది. ఆగి, తీసేసింది.

ఆకుపచ్చ క్యాసెట్టు బీరువా నడిమధ్యన కొలువు తీరింది. వాడిలాగే క్యాసెట్లు పోగేసే సరదా మనుషులు వచ్చి చూసి, కొత్త స్కూటర్ ఖరీదు చేస్తుందిరా అన్నారు. వాడు మీసం దువ్వాడు. కానీ ఆ పూట అన్నం సయించలేదు.

అప్పుడు మొదట గౌరి వచ్చింది. అద్దానికి ముక్కు ఆనించి చూసింది. పేరు లేదుగా, పాపం, పోల్చుకోలేకపోయింది.

"అచ్చు మా దానిలాగే ఉంది మావయ్యా. ఇది అసలుది కదా?" అంది. తర్వాత తలొంచుకుని మెల్లగా, "మా నాన్న మోసపోయేడని ఎవరికీ చెప్పకండేం. నాన్నకైతే అస్సలు చెప్పకండి. సిగ్గుపడతాడు" అంది.

నూకరాజు సరేనన్నాడు. ఇంకేమంటాడు?

ఆ తర్వాత పైడితల్లి వచ్చింది. వాడి చొక్కాలు ఇస్త్రీ చేసి తెచ్చింది, పైసా పుచ్చుకోలేదు.

"మా గౌరి గుంటకి ఉన్నమాట చెప్పేవు బాబూ. ఇంకొకడైతే ఏదో చెప్పి డబ్బులు లాగేవాడే. మాకు సదువా, సంధ్యా? ఏది మంచిదో, ఏది దొంగదో మాకేటి తెలుస్తాది?" అని ఆవిడా తలొంచుకునే వెళ్ళింది. వాడు ఆ చొక్కాలు తొడుక్కోలేకపోయాడు. అయినా బీరువా తాళం తియ్యలేదు. ఆశ అలాంటిది మరి.

ఆ తర్వాత అప్పలస్వామి ఓడ దిగాడు. రాగానే, ఆడదాం పదమ్మా అన్నాడు. పారేసుకున్నాను నాన్నా అని గౌరి అబద్ధమాడింది. అబద్ధమాడటం చేతకాక ఏడ్చింది. ఏం జరిగిందో పైడితల్లి చెప్పింది.

అది ఆదివారం. నూకరాజు కొట్లో సరదా మనుషులంతా టీ తాగుతూ ఆకుపచ్చ క్యాసెట్టునే పొగుడుతున్నారు. అప్పుడు అప్పలస్వామి గౌరి చెయ్యి పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. అంత పొడుగు మనిషీ తలొంచుకునే ఉన్నాడు.

"తమ్ముడూ, పిల్లకి దొంగ సరుకు తెచ్చిచ్చినోడిని నేనే. దాని మొహం చూడలేకపోతున్నాను. ఆ బీరువాలో ఉన్న అసలుది నాకు అమ్ముతావేటి? నా జీతంలోంచి కొంచెం కొంచెంగా ఇచ్చుకుంటాను. మా దాంట్లో ఉన్న ఇల్లుని దీంట్లోకి మార్చి పెడితే చాలు."

తన క్యాసెట్టుని తనే కొనుక్కోవడానికొచ్చాడమ్మా, వెర్రి తండ్రి!

నూకరాజు చూశాడు. తప్పు చేసింది తను. తలొంచుకుంది పిల్ల, తల్లి, తండ్రి. తన సిగ్గుని ఆ ముగ్గురూ మోస్తున్నారు, తను మాత్రం మీసం దువ్వుకుంటున్నాడు. పక్కకి పిలిచి చెబుదామా అనుకున్నాడు ముందు. కానీ అందరూ వింటుండగానే చెప్పేశాడు.

"అన్నా, ఇది నీదే. అసలుదే. పిల్లకి నేను అబద్ధం చెప్పాను. దీని మీద ఆశపడి చెప్పాను."

వాడు తాళం తీసి క్యాసెట్టు అప్పలస్వామి చేతిలో పెట్టాడు. అప్పలస్వామి దాన్ని తిప్పి పేర్లకోసం వెతికాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి ఇల్లు?"

"లేదన్నా. చూశాను. చూసే చెరిపేశాను."

అప్పలస్వామి తిట్టలేదు, కొట్టలేదు. తిట్టినా బాగుండేది. కొట్లో ఉన్న మెషీన్లో క్యాసెట్టు పెట్టాడు. ఇల్లు లేదు, తోట లేదు, దీపం లేదు. ఉత్త బీడునేల. కొత్తవాళ్ళని అడిగినట్టు, నీ పేరేమిటి అని అడిగింది ఆట. తండ్రికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

గౌరి ఆ బీడువంక చూసింది. తండ్రివంక చూసింది. ఇక ఏడుస్తుందని అందరూ అనుకున్నారు.

"అయితే నాన్నా, నువ్వు మోసపోలేదు కదా! నువ్వు తెచ్చింది అసలుదే కదా!" అంది.

అప్పలస్వామి తలెత్తాడు. గౌరి ఒక్క దూకున వీధిలోకి పరిగెత్తింది. "మా నాన్న తెచ్చింది అసలుదే! దొంగది కాదు!" అని గుమ్మం గుమ్మానికీ చెప్పుకుంటూ పోయింది. నూకరాజుని పిల్ల ఒక్కమాట అనలేదు. వాడి ఊసే ఎత్తలేదు. వాడు మాత్రం ఆ అరుపు ఇల్లు దాటి ఇల్లు వెళ్ళి, వీధి చివర ఇస్త్రీ బండి దాకా చేరడం విన్నాడు. విన్నంతసేపూ రెండు చేతుల్లో మొహం దాచుకుని కూర్చున్నాడు.

ఏమిటీ? మళ్ళీ ఇల్లు కట్టారా అంటావా? కట్టారు. కొత్త బ్యాటరీ వేయించుకుని మరీ కట్టారు. కానీ అది వేరే ఇల్లమ్మా. పోయింది పోయిందే. ఇక కళ్ళు మూసుకో.

ఎవరి వస్తువు వాళ్ళింటికి,
ఎవరి సిగ్గు వాళ్ళ వంటికి,
కథేమో కంచికి,
కునుకేమో నీ కంటికి.