తూము సంగతి తెలిసిన ఎద్దు

మైలగాడు నెమ్మదస్తుడైన ఎద్దే గానీ, తిండి దగ్గర మాత్రం వాడికి ఒళ్లు తెలియదు. ఆ రోజు పొద్దున్నే పచ్చి పెసరచేలో పడి గొంతుదాకా మేసొచ్చాడు. ఇంకేముంది, పొట్ట డోలయింది. ఊపిరాడక పాకలో కూలబడి, ఇవాళ్టితో నా పని అయిపోయిందనుకున్నాడు. భయంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

కబురందగానే నక్క వైద్యుడు మెడలో వేర్లు వేలాడేసుకుని దిగబడ్డాడు. వస్తూనే గుప్పెడు వాము నమిలించాడు. వైద్యుడన్నాక ఏదో ఒకటి ఇవ్వాలి కదా మరి. ఆ తర్వాత శాస్త్రం విప్పాడు. బయట ఏముందో ఒంట్లోనూ అదే ఉందట. ఎముకలు కొండలట, నరాలు కాలువలట, వెంట్రుకలు గడ్డి అట, పొట్టేమో చెరువట. పాకలోని గొడ్లన్నీ నోళ్లు తెరుచుకుని విన్నాయి. గేదె అయితే నెమరేయడం కూడా మరిచిపోయింది.

"నీ చెరువు పొంగింది మామా," అన్నాడు నక్క, ఆ పొట్టకేసి చూసి లొట్టలేస్తూ. "కట్ట తెంపాలి. నా పంటితో చిన్న గండి, అంతే."

మైలగాడికి నక్క ఎత్తు అర్థమైంది. పారిపోదామంటే కాళ్లు కదలవు, పొడుద్దామంటే తల లేవదు. కానీ వాడు ఎనిమిదేళ్లు చెరువు కట్టకు మట్టిబండి లాగిన ఎద్దు.

"వైద్యులుగారూ," అన్నాడు ఆయాసపడుతూ, "చెరువు నిండితే ఏ ఊళ్లోనూ కట్ట తెంపరండీ. తూమెత్తి నీళ్లు వదులుతారు."

నిజమేనంది గేదె. మరి తూమెక్కడుందని అడిగింది. మైలగాడు సిగ్గుపడుతూనే తోక కాస్త పక్కకు జరిపాడు.

నక్క మొహం మాడిపోయింది. అది శాస్త్రంలో లేదని నసిగాడు. బయట ఉన్నదే లోపలా ఉందన్నది నువ్వే కదా అంటూ గొడ్లన్నీ చుట్టూ మూగాయి. అన్ని కొమ్ములు ఒక్కచోట చూశాక, తూము ఉందని ఒప్పుకున్నాడు. వెనక్కి వెళ్లి, ముక్కు మూసుకుని, వంగి మైలగాడి తోకెత్తాడు.

సరిగ్గా అప్పుడే వాము పనిచేసింది.

ముందు గాలి వచ్చింది, దాని వెనకాలే వరద. నక్క మెడలో వేర్లు ఎక్కడ పడ్డాయో కూడా తెలియలేదు. మైలగాడు హాయిగా లేచి నిలబడి ఒళ్లు దులుపుకున్నాడు.

"మీ హస్తవాసి గొప్పది వైద్యులుగారూ," అన్నాడు. నక్క నోరు తెరిచి జవాబు చెప్పే స్థితిలో లేడు.

అందుకే, ఊరికి శాస్త్రం చెప్పేవాడు తాను ఏ వైపు నిలబడాల్సి వస్తుందో ముందే చూసుకోవాలి.