భ్రమర మగ్గం చుట్టూ నడిచిన కథ

అమ్మ వసారాలో అటూ ఇటూ నడుస్తోందని నీకు కోపం వచ్చింది కదూ? పక్కన పడుకోలేదని మూతి ముడుచుకున్నావు. రా, ఇటు జరుగు. కాళ్ళు నా మీద వేసుకో. తొమ్మిదో నెలలో అమ్మలు ఎందుకు నడుస్తారో చెప్తాను. మధ్యలో ప్రశ్నలు వేశావంటే నేను దారి తప్పిపోతాను, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊళ్ళో ఒక పొడుగాటి వీధి. ఆ వీధిలో ఇంటింటికీ ఒక మగ్గం. పొద్దున లేస్తే టకటక, టకటక. ఆ చప్పుడు వినపడకపోతే అక్కడి పిల్లలకి అన్నం సయించదు.

చీరకి నిలువు దారాలుంటాయి కదా, వాటిని పడుగు అంటారు. నేసే ముందు ఆ పడుగుని వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా సాచి కట్టేవాళ్ళు. దానికి గంజి పట్టించి, ఆరేలోపల కుంచెతో దువ్వాలి. ఆలస్యమైతే దారాలన్నీ అంటుకుపోతాయి. అందుకని ఎవరి పడుగైనా సరే ఇరుగుపొరుగు అందరూ వచ్చి చెయ్యి వేసేవాళ్ళు. పని అయ్యేదాకా పడుగు వెంట నడుస్తూనే ఉండాలి.

ఆ వీధిలో పున్నమ్మ అని ఒకావిడ ఉండేది. నోరు గట్టిది, మనసు మెత్తనిది. అలాంటి మనిషితో వేగడం ఎంత కష్టమో నాకు తెలుసు, మా అత్తగారూ అదే రకం. పున్నమ్మకి ఒక్కడే కొడుకు, మార్కండేయులు. కోడలి పేరు భ్రమర. తల్లి లేని పిల్ల.

పెళ్ళయిన ఏడాదికి భ్రమర కడుపుతో ఉంది. అప్పుడు మూడో నెల. ఒకరోజు పొద్దున పున్నమ్మ వాళ్ళ పడుగు వీధిలో ఉంది. పనికి మనిషి ఒకరు తక్కువయ్యారు. ఎండ ఎక్కుతోంది, గంజి ఆరిపోతోంది. అప్పుడు పున్నమ్మ గుమ్మంలో నిలబడ్డ కోడల్ని చెయ్యూపి పిలిచింది. భ్రమర వచ్చి నాలుగుసార్లు అటూ ఇటూ నడిచింది. ఆ మధ్యాహ్నమే కడుపునొప్పి మొదలైంది. పొద్దుగూకేసరికి ఆ బిడ్డ ఇక లేదు.

వీధంతా ఒకటే మాట అంది. పడుగు వెంట నడిచింది, అందుకే పోయింది అని. ఆ మాట పున్నమ్మ గుండెలో దిగిపోయింది. పిలిచింది తనే కదా మరి. ఎవరితోనూ అనలేదు. ఏడవనూ లేదు. చేసిందంతా చేసి ఏడవడం కూడానా అనుకుంది. ఆ తర్వాత కోడలి మొహంలోకి చూడటం మానేసింది.

భ్రమరేమో ఇంకోలా అనుకుంది. బిడ్డని నిలుపుకోలేకపోయానని అత్తయ్యకి నా మీద కోపం, అందుకే నా వంక చూడదు అనుకుంది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, నాలుగేళ్ళు అలాగే గడిపారు ఇద్దరూ. నాకు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒక్క మాట అడిగితే పోయేదిగా.

ఆ నాలుగేళ్ళూ గడిచాక భ్రమర మళ్ళీ కడుపుతో ఉంది.

అప్పుడు చూడాలి పున్నమ్మని. ఆస్పత్రికి తప్ప కోడలు గడప దాటకూడదంది. వంగకూడదంది. మంచం దిగకూడదంది. అన్నం మంచం దగ్గరికే, నీళ్ళు మంచం దగ్గరికే. భ్రమర పెరట్లోకి వెళ్ళాలన్నా పక్కన తను ఉండాలి. చెంబెడు నీళ్ళు ముంచుకోనివ్వలేదు. బిడ్డని దక్కించుకోవాలని ఆవిడ తాపత్రయం. ఈసారి కూడా పోతే తను బతకనని లోపల గట్టిగా అనుకుంది.

ఆ వీధికి ఎస్తేరు అని ఒక నర్సమ్మ వచ్చేది. ఐదో నెలలో ఒకసారి వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసింది, అంతా బాగుంది, అమ్మాయిని కాస్త నడవనివ్వు పెద్దమ్మా అంది. నడక అనే మాట వినగానే పున్నమ్మ లేచి తలుపు దగ్గరికి వేసింది.

ఆరో నెలలో నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి పున్నమ్మ మజ్జిగ ఇచ్చింది, పీట వేసింది, మాట మాత్రం వినలేదు. నర్సమ్మ చెప్తున్నంతసేపూ బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది.

మూడోసారి వచ్చేసరికి ఏడో నెల. పున్నమ్మ ఎవరిదో పడుగు పనికి వీధి చివరికి వెళ్ళింది. ఇంట్లో మార్కండేయులు మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో కూర్చుని నేస్తున్నాడు. భ్రమర మంచం మీద ఉంది. పాదాలు వాచాయి, నడుము పట్టేసింది, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. మంచం మీద ఉండి ఉండి అలా అయింది.

అప్పుడు నర్సమ్మ ఆ పిల్ల పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "కాన్పంటే పెద్ద పని భ్రమరా. అంత పనికి ఒంటిని ముందే అలవాటు చెయ్యాలి. రోజూ కాసేపు నడువు. నడుస్తూ మాట్లాడగలిగినంత మెల్లగా నడువు. మాట తెగిపోతోందంటే ఆగిపో."

ఇంకా రెండు చూపించింది. నేల మీద కూర్చుని రెండు అరికాళ్ళూ కలిపి, మోకాళ్ళు పక్కలకి వదిలెయ్యడం ఒకటి. గచ్చు తుడిచేటప్పుడు వంగుతామే, అలా చేతులూ మోకాళ్ళూ ఆనించి, నడుము మెల్లగా పైకి ఎత్తడం, మళ్ళీ సమంగా దించడం ఇంకొకటి. బరువులు ఎత్తొద్దంది. పడుకుంటే ఎడమ పక్కకి తిరిగి పడుకోమంది.

లేచి వెళ్ళబోతూ ఆగింది. "ఎర్ర మరక కనపడ్డా, ఉమ్మనీరు పోయినా, కళ్ళు తిరిగినా, నొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా ఉన్నపళంగా ఆపేసి నా దగ్గరికి రావాలి. దాచకూడదు. ఎవరికి భయపడైనా సరే, దాచకూడదు."

ఆ మర్నాటి నుంచి భ్రమర నడవడం మొదలుపెట్టింది. ఎక్కడ నడవాలి? వీధిలోకి వెళ్ళడానికి లేదు. అందుకని మగ్గం చుట్టూ నడిచింది. పున్నమ్మ పడుగు పనికి వెళ్ళినప్పుడల్లా మంచం దిగేది. మాట్లాడుతూ నడవాలి కదా, మగ్గం గుంటలో ఉన్న మొగుడితో ఏదో ఒకటి మాట్లాడుతూ తిరిగేది. మార్కండేయులు చెయ్యి ఆపకుండా నేసేవాడు. ఎందుకో తెలుసా? మగ్గం చప్పుడు ఆగిందంటే పున్నమ్మ వీధి చివర ఉన్నా పరిగెత్తుకొస్తుంది. ఆవిడ చెవులు అలాంటివి.

మొదటి వారం ఐదు చుట్లు. రెండో వారం పది. మూడో వారానికి భ్రమర లెక్కపెట్టడం మానేసింది. పాదాల వాపు తగ్గింది. రాత్రి నిద్ర పట్టింది. కానీ గుమ్మంలో చిన్న అలికిడి అయితే చాలు, గబగబా వచ్చి మంచం మీద వాలిపోయేది. ఒంటికి మంచిదే చేస్తున్నా, దొంగలాగా చేయాల్సి వచ్చింది పాపం.

అలా తొమ్మిదో నెల వచ్చింది. ఒకరోజు పొద్దున భ్రమర మగ్గం చుట్టూ తిరుగుతోంది. తిరుగుతూ తిరుగుతూ ఒక్కసారిగా ఆగిపోయింది. ఏదో తడిగా అనిపించింది. చూసుకుంటే ఎర్ర మరక.

నాలుగేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం కళ్ళ ముందుకొచ్చింది. మొగుడికి చెప్పింది. మార్కండేయులు చెయ్యి ఆగిపోయింది. మగ్గం ఆగిపోయింది.

అతను మెల్లగా అన్నాడు, మంచం మీద ఉండగానే కనపడిందని అమ్మకి చెబుదాం, నడిచావని చెప్పొద్దు అని. భ్రమరకీ అలాగే చెప్పేద్దామనిపించింది. చెప్తే అత్తయ్య జన్మలో క్షమించదు. చెప్పకపోతే ఆస్పత్రిలోనూ అబద్ధమే ఆడాలి. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. లోపల బిడ్డ కదల్లేదు. ఇంకాసేపు చూసింది. కదల్లేదు.

అంతలో పున్నమ్మ గుమ్మంలోకి వచ్చేసింది. చేతిలో గంజి కుంచె అలాగే ఉంది.

"నెలన్నర నుంచి నడుస్తున్నానత్తయ్యా," అంది భ్రమర. "ఇప్పుడూ నడుస్తున్నాను. మరక కనపడింది."

పున్నమ్మ తిడుతుందని భ్రమర ఎదురుచూసింది. తిట్టలేదు. కుంచె కింద పడేసి, కొడుకుని ఆటో తీసుకురమ్మంది. కోడలి భుజం చుట్టూ చెయ్యి వేసి మెల్లగా బయటికి నడిపించింది.

ఆటోలో గతుకు వచ్చినప్పుడల్లా పున్నమ్మ కోడలి కడుపుకి చెయ్యి అడ్డం పెడుతోంది. సగం దూరం వెళ్ళాక రోడ్డు వంక చూస్తూ అంది. "ఆ రోజు చెయ్యూపి పిలిచింది నేనే. నీ బిడ్డని నేనే పొట్టన పెట్టుకున్నాను. ఈసారి నిన్ను మంచానికి కట్టేస్తే అయినా దక్కుతుందనుకున్నా."

భ్రమర తెల్లబోయింది. "నా మీద కోపం అనుకున్నాను నేను," అంది.

"నీ మీద కోపం ఎందుకే పిచ్చిదానా," అంది పున్నమ్మ.

ఆస్పత్రిలో డాక్టరమ్మ భ్రమరని లోపలికి తీసుకెళ్ళింది. బయట పున్నమ్మ బల్ల మీద కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. కాసేపటికి నర్సమ్మ వచ్చింది. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది, మాయ ఉండాల్సిన చోటే ఉంది, మరక ఆగిపోయింది, మూడు రోజులు ఇక్కడే ఉంచుకుని చూస్తాం అని చెప్పింది. దాచకుండా వెంటనే తీసుకొచ్చారు, అదే మేలు చేసింది అంది. అప్పుడు పున్నమ్మ వెళ్ళి బల్ల మీద కూర్చుంది.

మూడు రోజులూ డాక్టరమ్మ భ్రమరని నడవనివ్వలేదు. విశ్రాంతి అంటే విశ్రాంతే. ఆ తర్వాత మళ్ళీ పరీక్ష చేసి, ఇంక మెల్లగా నడవచ్చు అంది. ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో చూసి చెప్పేవాళ్ళు ఉండాలి బంగారం. మీ అమ్మ కూడా డాక్టరు సరే అన్నాకే నడుస్తోంది.

ఇంటికొచ్చాక పున్నమ్మ కోడల్ని మంచం ఎక్కమనలేదు. నడవమనీ అనలేదు. ఆవిడకి ఇంకా భయమే. కానీ భ్రమర మగ్గం చుట్టూ తిరుగుతుంటే తనూ పక్కన తిరిగేది, చెయ్యి కోడలి వీపుకి రెండంగుళాల దూరంలో పెట్టుకుని. నాలుగేళ్ళుగా మాట్లాడుకోని మాటలన్నీ అక్కడ మాట్లాడుకున్నారు.

నెలలు నిండాయి. ఒకరోజు తెల్లవారుతుండగా నొప్పులు వచ్చాయి. వెంటనే ఆస్పత్రికి వెళ్ళారు. పది గంటలైంది, పన్నెండైంది. నొప్పులు వస్తున్నాయి, పోతున్నాయి, బిడ్డ మాత్రం కిందికి దిగడం లేదు. నర్సమ్మ మాటిమాటికీ వచ్చి గుండె చప్పుడు చూస్తోంది. అంతా బాగానే ఉంది, అమ్మాయిని నడిపించండి పెద్దమ్మా అంది.

పున్నమ్మ నోటిదాకా వచ్చింది, వద్దు, పడుకోబెడదాం అని. మింగేసింది. కోడలి చేతులు తన మెడ చుట్టూ వేయించుకుంది. వరండాలో ఒకసారి ఆ చివరికి వెళ్ళి వచ్చారు. నొప్పి వస్తే ఆగి, అత్తగారి భుజం మీద వాలి, నడుము అటూ ఇటూ ఊపేది భ్రమర. నొప్పి పోతే మళ్ళీ నడక. రెండోసారి వెళ్ళి వచ్చారు. భ్రమర గోళ్ళు పున్నమ్మ మెడలో దిగిపోతున్నాయి. ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఇదుగో అయిపోయింది, ఇదుగో ఇంకొక్క అడుగు అని. మూడోసారి సగం దూరం వెళ్ళారో లేదో, భ్రమర ఆగిపోయింది. నర్సమ్మ చూసి, ఇంక లోపలికి రండి అంది.

తలుపు మూసేశారు. పున్నమ్మ బయట ఉండిపోయింది. లోపల్నుంచి భ్రమర కేకలు వినపడ్డాయి. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. మార్కండేయులు తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా ఏమీ వినపడలేదు. నేను మళ్ళీ నడిపించాను అనుకుంది పున్నమ్మ.

అప్పుడు కెవ్వుమని ఏడుపు. ఆస్పత్రి పెంకులు ఎగిరిపోయేంత ఏడుపు. ఆడపిల్ల.

నర్సమ్మ బిడ్డని తెల్లటి గుడ్డలో చుట్టి తీసుకొచ్చి పున్నమ్మకి అందించబోయింది. పున్నమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. నా చేత్తో వద్దమ్మా అంది. నర్సమ్మకి అర్థం కాలేదు. అప్పుడు పున్నమ్మ, పడుగు దగ్గరికి కోడల్ని పిలిచిన సంగతి మొట్టమొదటిసారి ఆమెతో చెప్పింది. చెప్పి, నేలచూపులు చూస్తూ అడిగింది.

"నిజం చెప్పు తల్లీ. ఆ బిడ్డ నడకవల్ల పోలేదా?"

"పోలేదు పెద్దమ్మా. మూడో నెలలో నిలవని బిడ్డ మంచం మీద ఉన్నా నిలవదు. ఆ రోజు నువ్వు పిలవకపోయినా పోయేదే."

పున్నమ్మ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. మూడోసారి కూడా చెప్పించుకుంది. ఆ తర్వాత చేతులు చాచి మనవరాలిని తీసుకుంది. గుండెలకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పుట్టిన బిడ్డని చూసి సంతోషంతో ఏడుస్తోందనుకున్నారు అందరూ. లోపల్నుంచి ఆ ఏడుపు విన్న భ్రమరకి మాత్రం తెలుసు, అత్తయ్య ఆ పోయిన బిడ్డ కోసం ఇవాళ ఏడుస్తోందని.

నిద్ర వస్తోందా? అదుగో, మీ అమ్మ అడుగుల చప్పుడు. ఇంకో రెండుసార్లు తిరిగి వచ్చి నీ పక్కనే పడుకుంటుంది.

కథేమో నడిచి నడిచి కంచికి,
మనమేమో నడుం వాల్చి మంచానికి.