షుగర్ లేని వంశం

చిన్న కథ, చెప్పి లేచిపోతాను. మా ఊళ్లో ఎవరికి ఏ జబ్బు వచ్చినా ముందు తాతముత్తాతలను తిట్టడం అలవాటు. మా పక్కింటి రమణమ్మ, మోకాళ్లు పట్టేసినప్పుడల్లా పోయిన మేనత్తను తిడుతుంది. ఆ మేనత్త బతికున్నన్నాళ్లూ ఈవిడను తిట్టింది కాబట్టి దానికీ దీనికీ సరిపోయిందనుకోండి. ఏం చెబుతున్నాను? పెంచలయ్య సంగతి.

పెంచలయ్య మా మఠంలో కోటయ్య స్వామికి శిష్యుడు. వాళ్ల తాతకు షుగర్ వచ్చి కాలు తీసేశారు, తండ్రికి చూపు పోయింది. అతనికి పెళ్లి కుదిరింది. పిల్లకు వంక పెట్టడం మా ఊరివాళ్ల వల్ల కూడా కాలేదు. కుదిరిన మర్నాడే అతను స్వామి దగ్గరకు వెళ్లి కాషాయం ఇమ్మన్నాడు.

"రక్తంలో ఉన్నది రాక మానదు గదా స్వామీ. పుట్టబోయేవాళ్లకు కూడా ఎందుకు అంటగట్టాలి?"

స్వామి కాషాయం ఇవ్వలేదు. పెళ్లి ఏడాది ఆపమని ఆడపెళ్లివాళ్లకు కబురు పంపి, పెంచలయ్యను రోజూ చుట్టుపక్కల ఊళ్లన్నీ నడిచి మఠానికి బియ్యం అడిగి తెమ్మన్నాడు.

అతని వంశం సంగతి తెలిసి ఏ ఇంట్లోనూ తీపి పెట్టలేదు. రాగిసంకటి, ఆకుకూర పెట్టి జాలిగా చూసి పంపేవాళ్లు. స్వామి వంశంలో షుగర్ అన్నమాటే లేదని ఆయనే చెప్పేవాడు. అందుకని అరిసెలు, పరమాన్నం ఆయన కూర్చున్న చోటికే వెళ్లేవి. రమణమ్మ నెయ్యి ఎక్కువ వేసేది, పుణ్యం చాలదేమోనని.

ఏడాది తిరిగాక మఠంలో వైద్య శిబిరం పెట్టారు. పెంచలయ్య మొహం ఎలా మారుతుందో చూడాలని ఊరంతా పనులు మానుకుని వచ్చింది. అతను చెయ్యి వెనక్కి లాక్కుంటే, ధైర్యం చెప్పడానికి స్వామి ముందు తన వేలికి సూది గుచ్చించుకున్నాడు.

పెంచలయ్యకు లేదు. స్వామికి ఉంది.

శిబిరానికి వచ్చిన నర్సమ్మ పెంచలయ్యతో, ఇప్పటికి లేదు, ఈ నడక మానొద్దు, ఏటా చూపించుకో అంది. అతను నమ్మలేక అక్కడే నిలబడ్డాడు.

"ఆ పిల్ల ఏడాదిగా ఎదురుచూస్తోంది. నర్సమ్మ చెప్పింది చెప్పినట్టు వాళ్లింట్లో చెప్పి, ముహూర్తం అడుగు," అన్నాడు స్వామి.

రమణమ్మ ఊరుకుంటుందా? మీ వంశంలో లేదన్నారు కదా అని నిలదీసింది.

స్వామి వేలి మీద దూది నొక్కి పట్టుకున్నాడు.

"మా తాతా, మా నాన్నా కరువులో పోయారమ్మా. లోపల ఏముందో బయటపడేంత తిండి వాళ్లెప్పుడు తిన్నారు?"