నక్క తీయించిన కాపలా

కోత అయిపోయిన జొన్నచేలో కౌజు పిట్టల గుంపొకటి మేస్తుండేది. వాటికో కట్టుబాటు ఉంది. అందరూ మేస్తుంటే ఒకరు గట్టుమీద నిలబడి నాలుగు వైపులా చూడాలి. నక్క గాని, చేనుగలాయన కుక్క గాని, ఏది కనబడినా కూత పెట్టాలి. కాపలా వంతు అయ్యేదాకా గింజ ముట్టకూడదు. ఈ కట్టుబాటు పుణ్యమా అని జోగయ్య అనే నక్కకి పొట్ట వీపుకంటుకుపోయింది. ఎప్పుడు పొంచినా కూత వినబడడం, పిట్టలు తుర్రుమనడం, తను దుమ్ము మింగి వెనక్కి పోవడం.

బలంతో కాని పని మాటతో అవుతుందేమోనని, ఆ పొద్దున జోగయ్య దాక్కోకుండా బుద్ధిమంతుడిలా వచ్చి గట్టుకింద కూచున్నాడు.

"బాగున్నావా తిరపమ్మత్తా?"

గుంపుకి పెద్దదైన తిరపమ్మ, "ఏదైనా దూరంగా ఉండి మాట్లాడు అల్లుడూ," అంది.

"ఎంత దూరంలో ఉంటే ఏం? ఎవరి చావు ఎప్పుడో గుడ్డులో ఉన్నప్పుడే రాసేశారు. రాసి ఉంటే కాపలా ఆపలేదు. రాసి లేకపోతే కాపలాతో పనే లేదు. ఆ గంగులు ఊరికే కడుపు మాడ్చుకోవడం దేనికి?"

గట్టుమీద కాపలా ఉన్న గంగులు చెవిలో తేనె పోసినట్టయింది. "నిజమేగా పెద్దమ్మా!" అంటూ దిగొచ్చి గింజల మీద పడ్డాడు. కుర్రపిట్టలు కొన్ని తలూపాయి. తిరపమ్మ మేత మానేసి నిలబడిపోవడం జోగయ్య ఓరకంట చూశాడు.

"మరి నీకూ రాసే ఉంటుందిగా అల్లుడూ?"

"రాయకేం! నాకని రాసిన పిట్ట తనే నడిచొచ్చి నోట్లో పడుతుంది."

"అయితే కాపలా తీసేస్తాం. నువ్వు ఆ గుంటలో కళ్లు మూసుకుని కూచో. పొంచావంటే మాత్రం నీ మాట మీద నీకే నమ్మకం లేనట్టు."

కాదంటే వాదం చెడుతుంది. జోగయ్య గుంటలో కూచుని కళ్లు మూసుకున్నాడు. గింజలు కొరికే చప్పుడు దగ్గర పడుతోంది. ఇంకాస్త రానిచ్చి దూకుదామనుకున్నాడు. నోరూరింది. ఇంతలో ఆ చప్పుడు ఆగిపోయింది. తన మాటలు బాగా తలకెక్కి పిట్టలు కదలకుండా కూచున్నాయని మురిసిపోయాడు. అలా మురిసిపోతుండగానే చేనుగలాయన కుక్క వచ్చి వీపుమీద పడింది.

సగం చెవి కుక్క నోట్లో వదిలేసి, కుంటుకుంటూ ముళ్లపొదలో దూరాక గాని జోగయ్యకి ఒక సంగతి తట్టలేదు. ఇన్నాళ్లూ ఆ కుక్క వస్తోందని తనకి తెలిసింది గట్టుమీది కూతతోనే. పిట్టలు తమ కోసం పెట్టుకున్న కాపలాతో తనూ బతికాడు. దాన్ని తనే దించాడు.

కుక్క వెళ్లిపోయాక తిరపమ్మ వచ్చి పొద పక్క రాయిమీద వాలింది.

"కుక్కని చూశావా అత్తా?"

"అల్లంత దూరాన ఉండగానే చూశాను."

"మరి కూత పెట్టలేదే?" అని, పోయిన పరువు కాస్తయినా దక్కించుకుందామని, "పెట్టాలని రాసి లేదు కాబోలు," అన్నాడు జోగయ్య.

"రాతకేం సంబంధం? కూత గొంతుదాకా వచ్చింది. పిల్లలకి సైగ చేసి జొన్నమోళ్లలో దాచి, ఆ కూతని మింగేశాను. అది నేను చేసిందే అల్లుడూ. పేరు నాకే ఉండనీ."

అవతల గంగులు, ఎవరూ చెప్పకుండానే, మళ్లీ గట్టెక్కి నిలబడ్డాడు.

అంతా రాతే అని ఎవరైనా చెబుతుంటే, ఎవరి కాపలా దించడానికి చెబుతున్నాడో ముందు చూసుకోవాలి.